కొక్కెం మీద మగ్గు

న్యూజిలాండు దక్షిణ ద్వీపంలో ఒక కొండలోయ. పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు; గాలి మాత్రం వాళ్ళకంటే ముందే లేచింది. రేవా, ఆమె తమ్ముడు హేమీ మొదటి ఊగే వంతెన దాటి మంచునది వైపు నడుస్తున్నారు.

"అది కాదక్కా. వంతెన కొక్కేనికి మగ్గు లేదంటే, నాన్న అసలు ఇటు రాలేదేమో అంటున్నా."

"రాలేదా? మరి బూట్లేమయ్యాయి? మంచుగొడ్డలి ఏమైంది? కోళ్ళకి గింజలు వెయ్యడానికి మంచుగొడ్డలి పట్టుకెళ్ళాడా?"

"పక్క లోయకి వెళ్ళాడేమో."

"కారు తాళం బల్ల మీదే ఉంది. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పిన మనిషి పక్క లోయకి నడిచి పోతాడా?"

"పోనీ, తగిలించాడేమో. కొండచిలక ఎత్తుకుపోయిందేమో. పోయినేడు నా మేజోడు ఎత్తుకుపోలేదూ? ఆ ముందేడు తపాలా అమ్మాయి సైకిలు సీటు మొత్తం పీకి పెట్టింది."

"చిలక ఎత్తుకుపోతే మగ్గు ఇంట్లో ఎందుకుంటుందిరా? నాన్న తెల్ల మగ్గు, నీలం అంచుది, వంటింట్లో అమ్మ ఆకుపచ్చ మగ్గు పక్కనే వేలాడుతోంది. నా కళ్ళతో చూశాను. నువ్వు చూళ్ళేదూ?"

"గమనించలేదు."

"ఒకే ఇంట్లో ఉంటూ గమనించలేదు. పాలు ఇవ్వడానికి వచ్చినదాన్ని నేను చూశాను."

"సరే. చూశావు. ఏమంటావిప్పుడు?"

"అమ్మ ఏం చెప్పేదో గుర్తుందా?"

"గుర్తుంది."

"చెప్పు."

"ఎందుకక్కా ఇప్పుడు?"

"చెప్పమన్నాను."

"వంతెన దగ్గర మగ్గు తగిలించి వెళ్తే, తిరిగొచ్చి ఇందులోనే టీ తాగుతానని ఇంటికి మాటిచ్చినట్టు."

"తగిలించకుండా వెళ్తే?"

"అది ఎప్పుడూ చెప్పలేదు."

"చెప్పక్కర్లేదు గనక చెప్పలేదు. నీది తగిలించావా?"

"ఆఁ."

"నా ఎర్రమగ్గు పక్కనే?"

"పక్కనే. నడు. నువ్వు ముందు నడు, కాలు జారితే వెనక నేనుంటా."

"జారేది నేను కాదులే. గాలి వస్తోంది, వస్తోంది, కూర్చో."

"కూర్చున్నా. దుబ్బు పట్టుకో."

"ముళ్ళున్నాయి దీనికి."

"ముళ్ళది కాదు, పక్కది. తల దించు."

"పోయిందా?"

"ఇంకా లేదు. ఇది పెద్దది. ఆగు. ఆఁ, ఇప్పుడు పోయింది."

"నోట్లోకి ఇసక కొట్టింది. పైన చూశావా, కనుమ మీద మబ్బు కమానులా వంగింది. వాయవ్యం గాలి. మధ్యాహ్నానికి వాన, వానకి ఏరు. ఏరు పొంగిందంటే రెండో వంతెన మీద ఎవరూ ఇటూ రారు, అటూ పోరు."

"అందుకే అంటున్నా. నువ్వు ఇంటికెళ్ళు, పిల్లలున్నారు. నేనొక్కణ్ణే వెళ్ళొస్తా."

"పోలీసు ట్రెవర్‌కి ఫోను చేశాను. ఈ గాలికి హెలికాప్టరు లేవదన్నాడు. రోడ్డు మీద కొండచరియ పడిందట, వెతికే మనుషులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందట. అప్పటిదాకా రెండో వంతెన దాటొద్దన్నాడు."

"మరి దాటొద్దు. పోలీసాయన చెప్తే వినవా?"

"వాళ్ళ నాన్న కాదుగా పైనున్నది. ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"నీ సంచిలో. టంగు టంగుమంటోంది ఇందాకట్నుంచీ."

"ఇనపముళ్ళు. బూట్లకి కట్టుకునేవి. సరిగ్గా సర్దలేదు."

"ఆగి సర్దుకో."

"తర్వాత. నడు."

"ఒకటడుగుతా, సూటిగా చెప్పు. నాన్న లేడని నువ్వెప్పుడు చూశావు?"

"నువ్వొచ్చే ముందే."

"ముందే అంటే?"

"ముందే అక్కా, కాస్త ముందు."

"మరి నాకు ఫోనెందుకు చెయ్యలేదు? నేనొచ్చేసరికి బూట్లేసుకుని సంచి భుజాన పెట్టుకుని వంటింట్లో నిలబడ్డావు. నాన్న గది తలుపు మూసే ఉంది. తీసింది నేను. పక్క సర్ది ఉందని చెప్పింది నేను. నీ మొహం అప్పుడు పాలిపోయింది."

"వెతకడానికి బయల్దేరుతున్నా, అంతే. నిన్ను కంగారు పెట్టడం ఎందుకని."

"తలుపు తియ్యకుండానే లేడని ఎలా తెలిసింది?"

"బూట్లు లేవుగా."

"ఊఁ."

"ఏంటి ఊఁ?"

"ఏం లేదు. నడు."

బాట ఏటి గట్టు విడిచి గడ్డిమైదానంలోకి తిరిగింది. గాలి ఇక ఎదురుగానే ఉంది.

"అలాంటివాడు కాదక్కా నాన్న."

"ఎలాంటివాడు?"

"నువ్వనుకుంటున్నలాంటి వాడు."

"నేనేం అనుకుంటున్నానో నీతో అన్లేదే."

"అనక్కర్లేదుగా. పళ్ళు కొరుకుతూ నడుస్తున్నావు."

"డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఒక్క ముక్క మాట్లాడలేదు. షెడ్డు సర్దుతున్నాడు. తుప్పుపట్టిన మేకులు కూడా ఏరి డబ్బాల్లో పోశాడు. మనిషి ఊరికే షెడ్డు సర్దుతాడా?"

"వానాకాలంలో ఏం తోచక."

"మన ఇంట్లో అందరికీ ఇదే రోగం. అడిగితే బాగున్నానంటారు. అమ్మ పోయిన రోజు కూడా, బాగానే ఉన్నానమ్మా, గొర్రెల సంగతి చూడు, అన్నాడు. నిన్నడిగితే నువ్వూ అంతే. నాన్న పెంపకం, కడుపులో రాయి వేసుకుని మొహం మీద చిరునవ్వు."

"నేను బాగానే ఉన్నా."

"అదిగో, అన్నావు."

"ఏమనమంటావు మరి?"

"ఏమో. ఒక్క సంగతి మాత్రం నాకు ధైర్యంగా ఉంది. పెద్ద ఫ్లాస్కు తీసుకెళ్ళాడు. అందరం కలిసి వెళ్ళినప్పుడు అమ్మ తెచ్చేదే, ఆ పెద్దది. తిరిగి రాకూడదనుకున్న మనిషి టీ కాచుకుని వెళ్తాడా?"

"ఏమో. చివరిగా ఓ గుక్క వేడిగా తాగాలనిపిస్తుందేమో."

"ఛీ. నోరు ముయ్యి. ఎక్కణ్ణుంచి వస్తాయిరా నీకు ఆ మాటలు?"

"నువ్వడిగావు, చెప్పా."

"అడిగితే మాత్రం అలా చెప్తారా? అయినా ఒక్క మనిషికి అంత ఫ్లాస్కు ఎందుకు? అల్లం బిస్కట్ల పొట్లం కూడా లేదు అల్మారాలో. వస్తోంది, కూర్చో."

"కూర్చున్నా."

"నా చెయ్యి పట్టుకో. నీ మంచుగొడ్డలి నేలలో గుచ్చు."

"లేదు."

"ఏంటి లేదు?"

"గొడ్డలి. మన ఊరి కుర్రాడు మాతియుకి ఇచ్చేశా."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

"నాన్న నీకు పద్దెనిమిదో పుట్టినరోజుకి ఇచ్చినదా?"

"వాడు ఇప్పుడే కొండెక్కడం నేర్చుకుంటున్నాడు. వాడికి మంచిదొకటి ఉండాలి."

"నీకు?"

"కొనుక్కుంటాలే."

"ఇంత పిసినారివి ఎప్పుడు దానకర్ణుడివయ్యావు? కుక్కని కూడా మా అమ్మాయి టూయికి నిజంగా ఇచ్చేశావా, నాలుగు రోజులకా? అది పిల్ల, నిజమనుకుంటోంది. దానికి కొత్త పట్టీ కొన్నది."

"నిజంగానే ఇచ్చా. స్కిప్‌కి పిల్లలంటే ఇష్టం."

"దానికి నువ్వంటే ఇష్టం. రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుంటోంది."

"అలవాటవుతుంది."

"గాలి పోయింది, లే. ఎంతసేపు కూర్చుంటావు?"

"లేస్తున్నా."

"చిన్నప్పుడు ఇక్కడిదాకా ఉండేది మంచు. గుర్తుందా, ఆ ఎర్రరాయి దగ్గర నాన్న మనిద్దరినీ నిలబెట్టి ఫొటో తీసేవాడు. వెనకంతా నీలంగా."

"గుర్తుంది. నువ్వు మంచు నాకి నాలుక అంటించుకున్నావు."

"నేను కాదు, నువ్వు."

"నేనేనా?"

"నువ్వే. ఏడుస్తూ అరిచావు. అమ్మ వేడి టీ పోసి వదిలించింది. తర్వాత అదే మగ్గులో మిగిలింది నీకు తాగించింది."

"అవును. పసుప్పచ్చ మగ్గు."

"అప్పట్నుంచే అది నీదయింది. నవ్వావు. హమ్మయ్య, ఈ నెల్లాళ్ళలో నువ్వు నవ్వగా చూడ్డం ఇదే."

"గాలికి పళ్ళు బయటపడ్డాయి. నవ్వు కాదు."

రెండో వంతెన. కింద ఏరు తెల్లటి బూడిదనీళ్ళతో ఉరుకుతోంది. ఒకేసారి ఒక్కరే దాటాలని స్తంభానికి పలక కొట్టి ఉంది.

"అక్కా, వెనక్కి."

"ఏంటి?"

"వెనక్కి అంటున్నా. నాన్న పెట్టిన నియమమేగా. జట్టులో ఒక్కరు వెనక్కి అంటే అందరూ వెనక్కి. ఎందుకని అడక్కూడదు. నేనంటున్నా. వెనక్కి."

"సరే. పద."

"నువ్వు వెళ్ళు."

"ఇద్దరం."

"కాదు, నువ్వు. నేను ముందుకెళ్తా."

"అలా లేదు నియమం. అందరూ అంటే అందరూ. వెనక్కి అన్న నోరు ముందు వెనక్కి తిరగాలి. తిరుగు."

"అక్కా, నీకు ఇద్దరు పిల్లలు."

"నాకు ఒక నాన్న, ఒక తమ్ముడు కూడా. లెక్క సరిపోయింది. తిరుగుతావా, దాటుతావా?"

"దాటుదాం. నేను ముందు వెళ్తా."

"నేనే ముందు."

"ఎందుకూ?"

"నువ్వు ముందు దాటావంటే నాకోసం ఆగవు. చరచరా పోతావు. నాకు తెలీదా నీ సంగతి? మొహం తిప్పుకున్నావేంటి, నిజమేనా?"

"దాటు మరి. సంచి నడుం పట్టీ విప్పుకో, పడితే వదిలించుకోవాలి."

"పడితే అనకు."

"జారితే."

"అదీ అనకు."

"తీగ వదలకు. పలకలు చూడు, నీళ్ళు చూడకు. నేను కూర్చోమంటే కూర్చో, పాకమంటే పాకు."

"అలాగే గైడు గారూ."

"అలా పిలవకు."

"సరే. వెళ్తున్నా."

"నెమ్మది. బాగుంది. కుడి చెయ్యి ముందుకి. బాగుంది. అక్కా, వస్తోంది. కూర్చో. అక్కడే. పడుకో, పూర్తిగా పడుకో."

"పడుకున్నా."

"మొహం పలకకి ఆనించు. రెండు చేతులతో తీగ."

"హేమీ, తిరగబడుతోందిరా వంతెన."

"తిరగబడదు. పక్కకి వాలుతోంది, అంతే. నాన్న దీని మీద పొట్టేలుని దాటించాడు ఇలాంటి గాలిలో."

"పొట్టేలు చెప్పిందా బాగానే ఉందని?"

"మాట్లాడుతూ ఉండు. మాట్లాడుతూనే ఉండు."

"నా టోపీ. హేమీ, నా టోపీ."

"పోనీ."

"అమ్మ అల్లింది."

"పోనీ అక్కా. చెయ్యి చాచావంటే ఊరుకోను."

"చాచలేదు. చూస్తున్నా అంతే. పోయింది. ఏట్లో పడింది."

"ఇప్పుడు తగ్గింది. పాకు. లేవకు, పాకు. ఇంకొంచెం. ఇంకొంచెం. స్తంభం పట్టుకో. పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. నేల మీదున్నా. ఒరేయ్, రా నువ్వు, ఇప్పుడే రా, గాలి లేదు."

"వస్తున్నా."

"పాకు."

"నడుస్తా."

"నన్ను పాకమని నువ్వు నడుస్తావా? హేమీ? వినపడుతోందా? మధ్యలో ఎందుకాగావు?"

"నీళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయో."

"నన్ను చూడొద్దని నువ్వు చూస్తావేంటి? రా."

"పాలలా ఉన్నాయి."

"రెండో చెయ్యేది? హేమీ, తీగ పట్టుకో. రెండో చేత్తో పట్టుకో."

"అక్కా, నువ్వు పైకి నడుస్తూ ఉండు. వెనక్కి చూడకు. నేనొస్తా."

"నడవను. నువ్వొచ్చేదాకా ఈ స్తంభం వదలను. గాలి ఎత్తుకుపోయినా సరే, స్తంభంతో సహా పోతాను."

"మొండిదానివి."

"మొండిదాన్నే. నీ కుక్క కూడా మొండిదే. నువ్వు నీలం చొక్కా మా ఇంట్లో మర్చిపోయావు చూడు, దాని మీదెక్కి పడుకుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. ఉతుకుదామని లాగితే టూయి మీద గుర్రుమంది."

"నా చొక్కానా?"

"నీదే. కంపు కొడుతోంది. టూయి పాపం దానికీ చొక్కాకీ కలిపి దుప్పటి కప్పింది. రా, మిగతాది ఇటొచ్చాక చెప్తా. నా మొహం చూస్తూ రా. ఒక్కో పలక."

"ఏమంది టూయి?"

"రమ్మన్నానుగా, వస్తే చెప్తా. ఆ పలక. ఆఁ. తర్వాతది. రెండు చేతులూ. రా నాన్నా, రా."

"వస్తున్నా. వచ్చేశాను. వదులు, చొక్కా చిరుగుతుంది."

"చిరగనీ. ఏం చేస్తున్నావురా అక్కడ?"

"గాలి తగ్గాలని ఆగా."

"తగ్గాకే కదా ఎక్కావు?"

"మళ్ళీ వస్తుందేమోనని."

"నీ చేతులు చూడు, చచ్చినవాడి చేతుల్లా ఉన్నాయి. గ్లవ్సులేవి?"

"తేలేదు."

"తినడానికేం తెచ్చావు?"

"ఏం తేలేదు. ఆకలి లేదు."

"మంచు దగ్గరికి గ్లవ్సులు లేకుండా, తిండి లేకుండా వచ్చిన గైడుని నిన్నే చూశా."

"నేను గైడుని కాదు. అయిపోయింది అది."

"నువ్వు తీసుకెళ్ళిన అమ్మాయి ఈ మంచు పగుల్లో పడి పోయిందంటే, నీ తప్పేం లేదని అందరూ తేల్చారు హేమీ. ఆ అమ్మాయి తల్లి కూడా నీ చెయ్యి పట్టుకుని..."

"తేల్చారు."

"మరి?"

"మరేం లేదు. తేల్చారు. పద, నాన్న సంగతి చూద్దాం."

"టూయి ఏమందో అడగవా?"

"ఏమంది?"

"మామయ్య తనకి ఇవ్వలేదట, దాచిపెట్టమన్నాడట. మళ్ళీ వచ్చి తీసుకుంటాడట. కుక్క చెప్పిందట దానికి. గాలికా కళ్ళలో నీళ్ళు?"

"గాలికే."

"ఇదిగో నా గ్లవ్సులు. ఒకటి నువ్వు, ఒకటి నేను. మాట్లాడకుండా వేసుకో."

రాళ్ళగుట్ట ఎక్కితే అవతల సరస్సు, సరస్సు చివర మంచునది. నీళ్ళలో మంచుగడ్డలు ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి.

"కనిపిస్తున్నాడా?"

"లేదు."

"నాన్నా. నాన్నా."

"ఎదురుగాలి. వినపడదక్కా."

"నువ్వు పిలువు. నీ గొంతు పెద్దది. పిలవరా."

"నాన్నా."

"ఇంకా గట్టిగా. ఆ మంచుగడ్డల దగ్గర నల్లగా ఏంటది? హేమీ, ఏంటది?"

"రాయి."

"కదిలింది."

"గడ్డ కదిలింది. అది రాయే. అక్కా, నువ్విక్కడే కూర్చో. మంచు అంచుదాకా నేను చూసొస్తా. ఒక్కణ్ణే."

"ఎన్నిసార్లు అంటావురా ఒక్కణ్ణే, ఒక్కణ్ణే అని? నాకు చిరాగ్గా ఉంది. కలిసే పోదాం."

"అక్కడ పగుళ్ళుంటాయి."

"కలిసే పోదాం."

"ఆ రాయి కదులుతుంది. ఎడమది తొక్కండి."

"నాన్నా?"

"ఆఁ."

"నాన్నా."

"ఇక్కడున్నానమ్మా. పెద్దరాయి చాటుకి రండి, ఇక్కడ గాలి రాదు. ఇద్దరూ వచ్చారా?"

"ఇద్దరం వచ్చాం. నీకేం కాలేదుగా? లే, నిలబడు, ఏది, నన్ను చూడు."

"మోకాళ్ళు నొప్పి. అంతకంటే ఏం లేదు. గాలి లేవకముందే రెండు వంతెనలూ దాటేశాను. నీ టోపీ ఏది?"

"ఏట్లో పడింది. టోపీ సంగతి అడుగుతున్నావా నువ్వు? మగ్గు ఇంట్లో వదిలేసి వస్తావా? మేం ఏమనుకున్నామో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఏంటి తెలుసు?"

"పొద్దున్నే పాలు తెస్తావు. వంటింట్లో నా మగ్గు చూస్తావు. చూసి ఊరుకోవు. తెలిసే వదిలాను."

"తెలిసే? నన్ను చంపుదామనా? నీ గుండె సగం, నా గుండె మొత్తం ఆగిపోయింది దారి పొడుగునా. ఇంత వయసొచ్చి ఇదేం ఆట?"

"తిట్టమ్మా. తిట్టాల్సిందే. ఒక్కదానివి రావని, వీణ్ణి కూడా వెంటబెట్టుకొస్తావని అనుకున్నాను. తెచ్చావు. ఇక తిట్టు."

"వీణ్ణెందుకు? ఏంటి నాన్నా నువ్వు చెప్పేది?"

"ముందు టీ తాగుదాం. ఇంకా వేడిగానే ఉంది."

"దేంట్లో తాగుతాం? పెద్ద ఫ్లాస్కు తెచ్చావు, మగ్గు తేలేదు. మూత ఏది?"

"కొండచిలక ఎత్తుకుపోయింది."

"నిజంగానా?"

"బిస్కట్లు కూడా రెండే వదిలింది. నీ ఎర్రమగ్గు వంతెన దగ్గర తగిలించావా?"

"తగిలించాను."

"మంచి పిల్లవి. నీదో అబ్బాయ్?"

"నాదీ... అక్కడే."

"కొక్కేనికా?"

"ఊఁ."

"ఇలా రా. నా పక్కన కూర్చో. ఇంకా దగ్గరికి. సంచి దించు."

"వాణ్ణొదిలెయ్ నాన్నా, దారి పొడుగునా నన్ను కాచుకుంటూ వచ్చాడు. నీరసపడిపోయాడు."

"కాచుకున్నది నువ్వమ్మా. నీకు తెలీకుండానే. రాత్రి పడుకోబోతూ చూశాను, వీడి మగ్గు వంటింట్లో లేదు. బూట్లు తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి. గోడకి చెవి పెట్టి విన్నాను. పడుకోలేదు వీడు. వారం నుంచీ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. బాగున్నానంటాడు. నా కొడుకే కదా, ఇంకేమంటాడు? అందుకే, ఎక్కడికొస్తాడో అక్కడికి ముందే వచ్చి కూర్చున్నాను."

"హేమీ? ఏంట్రా?"

"నాన్నా, నేను..."

"ఇప్పుడేం చెప్పొద్దు. వంతెన దగ్గర తగిలించలేకపోయావు. ఏట్లోకి విసిరెయ్యనూ లేదు. నాకు అది చాలు. రాళ్ళ మీద నువ్వొస్తుంటే ఇంత గాలిలోనూ నాకు వినపడింది. సంచిలో మోగుతున్న ఆ పసుప్పచ్చ మగ్గు బయటికి తియ్యి నాన్నా, ముందు నీకు పోస్తాను."